రెండు చెవుల ఉప్పు మూట

డాక్టర్ ఈశ్వరి ఎక్కిన జీపుకి గజపతినగరం దాటిన రెండో కిలోమీటరు రాయి దగ్గర బ్రేకులు పనిచెయ్యడం మానేశాయి. వాటంతట అవి మానలేదు. ఎవరో పని తెలిసినవాడు తీరిగ్గా పైపు సగం కోసిపెట్టాడు. జీపు కల్వర్టుకి గుద్దుకుంది. డ్రైవరు ఎల్లాజీ ఆసుపత్రి దాకా కూడా రాలేదు. ఈశ్వరి బతికింది గానీ కుడికాలు రెండుచోట్ల విరిగింది.

మర్నాడు మధ్యాహ్నం శ్రీకాకుళంలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడమీద ఏజెంట్ తాయారు తన చీఫ్ ఎదురుగా నిలబడి ఉంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండేళ్ళుగా ఎవరూ టైపు నేర్చుకోలేదు. ఎవరైనా పొరపాటున వస్తే ఫీజు ఎంతో చెప్పేవారు. అది విని వచ్చినవాళ్ళు నోరు మూసుకుని మెట్లు దిగిపోయేవారు. సీక్రెట్ సర్వీసుకి అంతకంటే పెద్ద సెక్యూరిటీ అవసరం పడలేదు.

"టార్గెట్ ఈశ్వరి కాదు," అన్నాడు చీఫ్ నారాయణమూర్తి. "ఆవిడ తయారుచేసిన నానో బంగారం కెటలిస్టు."

"ఎవరి పని?"

"కోబాల్ట్."

తాయారు వెన్ను నిటారైంది. కోబాల్ట్ మూడు దేశాల్లో ఆఫీసులున్న ముఠా. నీళ్ళు శుభ్రం చేసే ఖరీదైన మిషన్లు అమ్ముతుంది. ఎక్కడైనా చవకైన దేశీ పద్ధతి తలెత్తితే ఆ తల మర్నాటికి ఉండదు.

"రేపు పన్నెండుకి నౌపడ అవతల కొత్త ట్రీట్‌మెంట్ ప్లాంటులో డెమో. మందుల ఫ్యాక్టరీల్లోంచి వచ్చిన పసుపుపచ్చ విషం ట్యాంకు నిండా ఉంది. ఈశ్వరి కెటలిస్టు దాన్ని విరగ్గొట్టాలి. పన్నెండుకి టైమర్ మీద వాల్వు తెరుచుకుని నీళ్ళు సముద్రంలోకి పోతాయి. ఢిల్లీ కమిటీ చూస్తూ ఉంటుంది."

"కెటలిస్టు పనిచెయ్యకపోతే?"

"విషం విషంలాగే సముద్రంలో పడుతుంది. సాయంత్రానికి చేపలు తేలతాయి. తప్పు ఈశ్వరి నెత్తిన. ఇంకో పదేళ్ళు నానో అనే మాట ఎవరూ ఎత్తరు."

"నా పని?"

"ఎనిమిది క్యాన్లు ప్లాంటుకి చేర్చాలి. నువ్వు ఉప్పు బేరగత్తెవి. క్యాన్లు ఉప్పు మూటల్లో ఉంటాయి." ఆయన సొరుగులోంచి ఒక కాటుక డబ్బీ తీసి ఇచ్చాడు. "లోపల స్పెక్ట్రోమీటర్. ఒక చుక్క వెయ్యి. పచ్చలైటు వెలిగితే బంగారం. ఎర్రలైటు వెలిగితే దొంగ సరుకు."

అంతవరకు చీఫ్. ఆ తర్వాత తలుపు వేసి ఉందో లేదో చూసుకుని గొంతు తగ్గించాడు. "జాగర్త తాయీ. నాకు మాత్రం ఎవలున్నారే, నువ్వు తప్ప?"

"ఏటి కాదులే మావా," అంది తాయారు.

మావ అంటే రక్తసంబంధం కాదు. నౌపడ ఉప్పుమడుల్లో తాయారు తండ్రి గంగులు దగ్గర కుర్రతనంలో కూలికి పనిచేసినవాడు నారాయణమూర్తి. ఉప్పు తొయ్యడం, మూట కుట్టడం గంగులే నేర్పాడు. తర్వాత చదువుకుని పెద్ద ఉద్యోగంలోకి వెళ్ళాడు. గంగులు పోయేనాటికి తాయారుకి పన్నెండేళ్ళు. నారాయణమూర్తి వచ్చి పిల్లని హాస్టల్లో వేశాడు, చదివించాడు, సర్వీసులోకి తెచ్చాడు. ఆమెకి జ్వరం వస్తే ఆయనకి నిద్రపట్టేది కాదు. అలాంటి మనిషిని మావ అని కాక ఇంకేమని పిలుస్తుంది?

సాయంత్రం ఆసుపత్రిలో ఈశ్వరి కట్టుకాలు పైకి వేలాడేసుకుని మరీ పాఠం చెప్పింది. ఆవిడది పలాస. కాలు విరిగినందుకు కాదు, డెమోకి వెళ్ళలేకపోతున్నందుకు కళ్ళు తుడుచుకుంటోంది.

"బంగారాన్ని కంటికి కనపడనంత చిన్న రేణువులు చేస్తే నీళ్ళల్లో ఎర్రగా ఉంటుంది. ఆ రేణువు విషాన్నీ, మనం వేసే మందుపొడినీ ఒకచోట కలిపి పని జరిపిస్తుంది. తను మాత్రం అరగదు, కరగదు. పెళ్ళిళ్ళ పేరయ్య అనుకోండి. ముడి వేయించి తను పక్కకి తప్పుకుంటాడు."

"మరి చిక్కెక్కడ?"

"ఉప్పుతో." ఈశ్వరి భోజనం ట్రేలోని ఉప్పు చిటికెడు తీసుకుంది. పక్కన రెండు గాజుగొట్టాల్లో ఒకే రకం ఎర్రనీళ్ళున్నాయి. మొదటిదాంట్లో ఉప్పు వేసింది. ఎరుపు చూస్తుండగా నీలంగా తిరిగిపోయింది. "ఇది బజార్లో దొరికే బంగారు ద్రావణం. ఉప్పు తగిలితే రేణువులు ముద్దకట్టేస్తాయి, ఇక పనికిరావు. ఫ్యాక్టరీ నీళ్ళనిండా ఉప్పే. అందుకని నా రేణువులకి జీడిబంక తొడిగాను. మా పెరట్లో చెట్టుదే." రెండోదాంట్లో వేసింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. "దీనికి తొమ్మిదేళ్ళు పట్టింది."

"ఈ బంక సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకు. నిన్న మీ చీఫ్‌గారు అడిగితే ఆయనకి చెప్పాను. ఇప్పుడు మీకు."

ఇన్‌స్టిట్యూట్‌కి తిరిగొచ్చి తాయారు ఎనిమిది క్యాన్లనీ తన చేత్తోనే ఉప్పు మూటల్లో దించి మూతులు కుట్టింది. ఉప్పు మూటకి రెండు మూలలా గోనెని మెలిపెట్టి చెవుల్లాగ కడతారు. కూలీకి పట్టు అక్కడే దొరుకుతుంది. తాయారు మాత్రం ఎనిమిదింటికీ కుడి చెవి కట్టలేదు. ఎవరైనా విప్పి మళ్ళీ కుడితే తెలియడానికి అది ఆమె రహస్య గుర్తు. మావకి కూడా చెప్పలేదు. నీ గుర్తు నీ నీడకి కూడా చెప్పకు అని నేర్పింది ఆయనే. మూటల్ని ఆయన గదిలో పెట్టి, ఆయన తాళం వేస్తే చూసి, ఇంటికి వెళ్ళింది.

పొద్దున్న ఏడింటికి నూకయ్య లగేజీ ఆటో బయల్దేరింది. నూకయ్య జాలరి. వేట సరిగ్గా లేక రెండేళ్ళనుంచి ఆటో తోలుతున్నాడు, అన్నదమ్ములు ఇంకా సముద్రం మీదే ఉన్నారు. మూటల్లో ఉప్పు తప్ప ఇంకేదో ఉందని అతనికి తెలీదు. ముతకచీర, ముక్కుకి ఇత్తడి బేసరి, నోట్లో అడ్డపొగ చుట్టతో పక్కన కూర్చున్నావిడ ఏజెంటని అసలే తెలీదు. నోట్లో నిప్పు పెట్టుకుని చుట్ట కాల్చడం ట్రైనింగులో అన్నిటికన్నా కష్టమైన పాఠమని తాయారు అభిప్రాయం.

టెక్కలి దగ్గర టీకొట్టు ముందు ఒక ఎర్రకారు ఆగి ఉంది. దానికి ఆనుకుని పృథ్వీరాజ్ నిలబడ్డాడు. మీగడరంగు సూటు, నల్లకళ్ళద్దాలు, నాలుగు గజాల దూరానికే తగిలే సెంటు. కోబాల్ట్‌లో పనిచేస్తూ సర్వీసుకి వార్తలు అందిస్తాడు. సర్వీసు వార్తలు కోబాల్ట్‌కి కూడా అందిస్తాడని అందరూ అనుకుంటారు. అతను కాదనడు.

"ఉప్పమ్మా, ఎండురొయ్యల్లోకి ఏ ఉప్పు మంచిది?" కోడ్.

"వాన చూడని ఉప్పు బాబూ." జవాబు కోడ్.

అతను టీగ్లాసు పెదవులకి ఆనించి గొణిగాడు. "ఇవాళ ఎవర్నీ నమ్మకు తాయారూ. నన్ను కూడా."

"నిన్నెప్పుడు నమ్మాను గనక?"

"తెల్లవారుజామున ఒక డెలివరీ తీసుకున్నాను. ఇచ్చినవాడు ముఖానికి గుడ్డ కట్టుకున్నాడు. పదకొండున్నర బండికి నౌపడ స్టేషన్లో ఇంకో పార్టీకి అందించాలి. డిక్కీలో ఏముందో నేనడగలేదు." అని చిరునవ్వొకటి విసిరి కారెక్కాడు. సగం మాట చెప్పి సగం మింగడం అతని వృత్తి. తాయారు అప్పుడు పట్టించుకోలేదు.

పదిన్నరకి నౌపడ చేరారు. రోడ్డుకి రెండువైపులా ఉప్పుమడులు ఎండలో మెరుస్తున్నాయి. తాడు సడలిందని నూకయ్య ఆటో ఆపి వెనక్కి వెళ్ళాడు.

"అమ్మా, మూటలు బలేగ కట్టినావు. రెండు సెవులూ సమానంగా ఉన్నాయి. ఈ కాలంలో ఇలగ ఎవులు కడతన్నారు?"

తాయారు నోట్లో చుట్ట ఆరిపోయింది.

దూకి వెనక్కి వెళ్ళింది. ఎనిమిది మూటలకీ పదహారు చెవులున్నాయి. ఒక క్యాను పైకి లాగి, మూతలో కొంచెం ఎర్రనీళ్ళు పోసింది. కాటుక డబ్బీలో చుక్క వేసింది. పచ్చలైటు వెలిగింది. డబ్బీ అబద్ధం చెప్పడంలేదు, అది బంగారమే. మూటలోంచి చిటికెడు ఉప్పు తీసి మూతలో వేసింది. ఎరుపు నీలమైపోయింది.

సరుకు మారింది. ల్యాబులో ఎవరు పరీక్షించినా పాసయ్యే సరుకు, ట్యాంకులో పడగానే ముద్దకట్టే సరుకు. చెవిలో దాచిన మైకు నొక్కింది. "మావా! మూటలు..."

"సెప్పు తాయీ. ఏటైంది?"

అప్పుడే ఆమె చూపు కుట్టు చివర ముడి మీద పడింది. అది ఎడమచేతి ముడి. గంగులుది ఎడమచేతివాటం. ఆయన వేసే ముడి కుడినుంచి ఎడమకి తిరిగి కింద దూరుతుంది. ఆ ముడి ఆయన ఇద్దరికే నేర్పాడు. ఒకరు కూతురు. రెండోవాడు ఒక చెవి మర్చిపోయినందుకు గంగులు చేతిలో మెటికల మీద దెబ్బ తిన్న కుర్రాడు.

పరాయివాడైతే ఒంటిచెవి మూటని ఒంటిచెవి మూటగానే కుట్టేవాడు. ఉప్పుమడిలో పుట్టిన చెయ్యి అలా వదల్లేదు. దొంగతనం చేస్తూ కూడా పని శుభ్రంగా చేసింది.

"తాయీ? ఇనిపిస్తందా?"

"ఏటీ లేదు మావా," అంది తాయారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మూటలు సడలినాయి. బిగించుకుని వస్తన్నాను."

మైకు ఆపేసి ఆటో చక్రం పక్కన కూలబడింది. ఏడవాలనుంది, కన్నీరు రావడంలేదు. ఇరవయ్యేడేళ్ళు తండ్రి అనుకున్న మనిషి! బ్రేకు పైపు కోయించినవాడు, ఎల్లాజీని చంపించినవాడు ఆయనే అన్నమాట. తనని ఎందుకు పంపాడు? తాయారు తెచ్చిన సరుకుని ఎవరూ అనుమానించరు గనక. రేపు విచారణలో క్యాన్లు తెచ్చిందెవరని అడిగితే చెప్పడానికి ఒక పేరు కావాలి గనక.

"ఏటమ్మా, సొమ్మసిల్లినావేటి?" నూకయ్య కంగారుపడ్డాడు.

"నూకయ్యా, పన్నెండులోపు అసలు డబ్బాలు ప్లాంటుకి చేరకపోతే సాయంత్రానికి మీ ఊరి ముందు చేపలన్నీ చచ్చి తేలతాయి. డబ్బాలు ఒక ఎర్రకారులో ఉన్నాయి."

"ఆ ఇషయం ముందే సెప్పొద్దేటి!" అన్నాడు నూకయ్య, అప్పటికే హ్యాండిల్ పట్టుకుని.

ఎర్రకారు స్టేషను బయట చింతచెట్టు నీడలో ఉంది. ఆటో రావడం చూసి పృథ్వీరాజ్ కారు తిప్పాడు. రోడ్డుకి ఆటో అడ్డం రావడంతో ఉప్పుమడుల గట్టుమీదికి పోనిచ్చాడు. గట్టు చూడ్డానికి సిమెంటు చేసినట్టుంటుంది. పైన పెచ్చు, కింద బురద. ఎక్కడ గట్టిదో పుట్టి పెరిగినవాళ్ళకే తెలుసు. వంద గజాలు పోయేసరికి కారు ముందు చక్రాలు ఉప్పునీళ్ళలోకి దిగబడ్డాయి. పృథ్వీరాజ్ తలుపు తీసి దిగాడు. మోకాళ్ళదాకా దిగాడు.

"డిక్కీ తియ్యి," అంది తాయారు.

"తీస్తే కోబాల్ట్ నన్ను చంపుతుంది."

"తియ్యకపోతే నూకయ్య చంపుతాడు. కోబాల్ట్ దూరం, నూకయ్య దగ్గర."

పృథ్వీరాజ్ గట్టుమీద జాకీరాడ్ పట్టుకుని నిలబడ్డ నూకయ్యని చూశాడు. పాడైన తన బూట్లని ఇంకా ఎక్కువసేపు చూశాడు. డిక్కీ తాళాలు విసిరేశాడు. "నేను నీ పక్షమేనని రిపోర్టులో రాయి తాయారూ."

"ఏ పూట నుంచో కూడా రాస్తాను."

క్యాన్లు ఆటోలోకి మారాయి. ఈసారి ఉప్పు వేస్తే ఎరుపు చెక్కు చెదరలేదు.

ప్లాంటు గేటు దాటేసరికి పదకొండూ నలభైనాలుగు. ట్యాంకు గట్టుమీద కమిటీ సభ్యుల మధ్య నారాయణమూర్తి నిలబడి ఉన్నాడు. తాయారుని చూసి ముఖం విప్పారింది. అది నటన కాదేమోనని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది.

"ఇంత లేటా?"

"పంక్చరు సర్."

ఆయన క్యాన్ల లేబుళ్ళు చూసి తల ఊపాడు. ఆపరేటర్లు ఎనిమిది క్యాన్లూ, బస్తాల కొద్దీ మందుపొడీ ట్యాంకులో పోశారు. పెద్ద పెద్ద రెక్కలు తిరగసాగాయి. తాయారు మెల్లిగా వాల్వు గదికి మెట్లెక్కింది. బల్లమీద మావ తోలుసంచి ఉంది. అందులో టిఫిన్ డబ్బా, బీపీ బిళ్ళలు, పిస్తోలు. ఎన్నోసార్లు ఆ సంచి ఆమే మోసింది. ఒక పని చేసి, సంచి మళ్ళీ ఎలా ఉందో అలా పెట్టి, వాల్వు లివరుకి అడ్డంగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

పదకొండూ యాభైనాలుగుకి నారాయణమూర్తి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. కిటికీలోంచి ట్యాంకు కనిపిస్తోంది. పసుపు పలచబడుతోంది.

"ఏ క్యాన్లు పోసినావే?"

"ఈశ్వరిగారివి."

ఆయన చూపు లివరు మీదికి పోయింది. మాన్యువల్ లివరు ఇప్పుడు లాగితే సగం విషం సముద్రంలోకి పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఎలగ తెల్సింది?"

"మూటకి రెండు చెవులూ కట్టినావు మావా. నేను ఒకటే కట్టాను."

నారాయణమూర్తి తన చేతులకేసి చూసుకున్నాడు, అవి ఇంకెవరివో అయినట్టు.

"ఎందుకు మావా?" అంది తాయారు. "నువ్వు ఏటడిగినా ఇచ్చేదాన్ని గదా!"

"నువ్వేటిస్తావే? ముప్పయ్యారేళ్ళు సేసినాను. ఎన్ని కుట్రలు ఆపీనానో నీకు తెల్సు. ఒక్కదానికైనా నా పేరుందా? వచ్చే నెల రిటైరైతే ఆ టైపు మేస్టారు పోయినాడు అంటారు. కోబాల్టోళ్ళు సింగపూర్లో ఆఫీసిస్తామన్నారు. తలుపుమీద ఇత్తడి బోర్డు. నా పేరుతో."

"బోర్డు కోసం ఎల్లాజీని చంపేసినావా?"

ఆయన సంచిలోంచి పిస్తోలు తీశాడు. "లేవే తాయీ. లివరు దగ్గర్నుంచి లే."

గోడగడియారం పదకొండూ యాభైయెనిమిది.

"లేవను."

"నాను లెక్కెడతాను."

"పెట్టు. నాకు లెక్కలు నేర్పింది నువ్వేగా."

ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. మూడు అనలేదు. కళ్ళనిండా నీళ్ళతో, గుండెకి గురిపెట్టి, నొక్కాడు.

క్లిక్ మంది. ఇంకోసారి క్లిక్ మంది.

తూటాలన్నీ తాయారు కొంగుముడిలో ఉన్నాయి. పిస్తోలు ఖాళీ అని ఆమెకి తెలుసు. అయినా మావ నొక్కడని మనసులో ఒక మూల నమ్మింది. నొక్కకపోతే తూటాలు తిరిగిచ్చేసి, కాళ్ళు పట్టుకుని, ఏదో ఒకటి చేసి కాపాడుకోవాలనుకుంది. ఆ క్లిక్కుతో అదంతా పోయింది. తూటా తగిలినా అంత నొప్పి పుట్టేది కాదేమో.

ఆమె లేచి ఆయన చేతిలోంచి పిస్తోలు తీసుకుంది. ఆయన ఇచ్చేశాడు. పన్నెండు కొట్టింది. టైమర్ మీద వాల్వు దానంతటదే తెరుచుకుంది. కింద కమిటీవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. పైపులోంచి సముద్రానికి పోతున్న నీళ్ళు తేటగా ఉన్నాయి.

నాలుగోనాడు నూకయ్య ఆకులో చుట్టిన వంజరం చేప ముక్కలు, బస్టాండులో కొన్న పేపరూ పట్టుకుని ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు. ఫీజు ఎంతో చెప్పినా దిగిపోని మొదటి మనిషి అతనే. లోపలి పేజీలో మూడు లైన్ల వార్త చూపించాడు. ఒక సీనియర్ అధికారి అనారోగ్య కారణాలవల్ల పదవినుంచి తప్పుకున్నారట.

"ఎవులమ్మా ఈ అధికారి? పేరేటీ రాయలేదు."

"మా మావ," అంది తాయారు. కిటికీవైపు తిరిగి కాసేపు ముక్కు తుడుచుకుంది.

"అయ్యో. మరి పేరు రాయొద్దేటి, పెద్ద మనిసి గదా?"

రాయకూడదు. తప్పుచేసిన ఏజెంటు పేరు ముప్పయ్యేళ్ళవరకు ఏ కాగితం మీదా కనపడకూడదని సర్వీసులో ఒక గట్టి రూలుంది. ఆ రూలు డ్రాఫ్టు చేసింది నారాయణమూర్తే.